కల్లు దుకాణం బందైతే ఫిట్స్ ఎందుకొస్తాయి? సీసాలో ఉన్న అల్ప్రాజోలం సంగతి

డ్రగ్స్ అనగానే మనకి పబ్బులు, కొకైన్, ఎవరో సెలబ్రిటీ పేరు, లేదంటే అల్లూరి జిల్లా కొండల నుంచి దిగే గంజాయి గుర్తొస్తాయి. టీవీల్లో నడిచేవీ అవే. తెలంగాణ ఊళ్లలో, హైదరాబాద్ బస్తీల్లో దశాబ్దాలుగా సాగుతున్న ఒక మత్తుమందు వ్యసనం గురించి మాత్రం ఎవరో చనిపోయినప్పుడు నాలుగు రోజులు మాట్లాడుకుని వదిలేస్తాం. అదే కల్తీ కల్లు. ఇందులో చిక్కుకున్న మనిషికి తను ఏ మందుకి బానిసయ్యాడో తెలీదు, రోజుకి ఎంత మోతాదు ఒంట్లోకి పోతోందో తెలీదు, అసలు తను డ్రగ్ తీసుకుంటున్నానన్న సంగతే చాలామందికి తెలీదు. అడిగితే, సాయంత్రం రెండు సీసాల కల్లు తాగుతా అంటాడు, అంతే.

2025 జూలైలో కూకట్‌పల్లి చుట్టుపక్కల కల్లు తాగినవాళ్లు వరసగా ఆస్పత్రుల పాలయ్యారు, కొందరు చనిపోయారు, కొందరికి నిమ్స్‌లో డయాలసిస్ చేయాల్సి వచ్చింది. అప్పుడు అందరూ అడిగిన ప్రశ్నలు దాదాపు ఇవే. కల్లు చెట్టు నుంచి వచ్చేదే కదా, ప్రాణం ఎలా తీసింది? దుకాణాలన్నీ మూసేస్తే పోలేదా? అన్నిటికంటే తికమక పెట్టేది ఇంకొకటుంది: దుకాణం మూసేశాక, అంటే కల్తీ కల్లు తాగడం ఆగిపోయాక, జనం మూర్ఛలతో, పిచ్చి మాటలతో ఆస్పత్రికి రావడమేంటి? విషం ఆపితే మనిషి బాగుపడాలి కదా.

ఈ చివరి ప్రశ్న అర్థమైతే మిగతావన్నీ వాటంతటవే విడిపోతాయి. మొదలు మాత్రం చెట్టు దగ్గర్నుంచే పెట్టాలి.

చెట్టు కల్లు వేరు, మందు కల్లు వేరు

ఈత చెట్టుకో తాటి చెట్టుకో గీత పెట్టి లొట్టి కడితే కారేది తియ్యటి రసం. అందులో మొదట ఆల్కహాల్ ఉండదు. లొట్టిలో, గాలిలో ఉండే ఈస్ట్ ఆ చక్కెరని తినేసి గంటల్లోనే పులియబెడుతుంది, అలా తయారైన కల్లులో ఆల్కహాల్ నాలుగైదు శాతం దాకా ఉంటుంది, అంటే బీరంత. ఇంకాసేపు ఉంచితే పుల్లబడి, మర్నాటికి తాగలేనంతగా వెనిగర్ దారి పడుతుంది. దీన్ని చెట్టు కల్లు అంటారు. ఇది కూడా ఆల్కహాలే, రోజూ తాగితే దానికీ బానిసవుతారు, లివర్ పాడవుతుంది, ఆ విషయంలో అమాయకంగా ఏమీ ఉండక్కర్లేదు.

అయితే చెట్టుకి పరిమితులున్నాయి. అన్ని నెలల్లో ఒకేలా పారదు, వానల్లో ఎక్కడం కష్టం, రసం పలచన. ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక దుకాణం రోజుకి వెయ్యి సీసాలు అమ్ముతుందనుకోండి. సీసాకి 650 మిల్లీలీటర్ల చొప్పున 650 లీటర్లు. ఒక చెట్టు రోజుకి సగటున రెండున్నర లీటర్లు ఇస్తుందనుకున్నా, ఆ ఒక్క దుకాణానికి 260 చెట్లు రోజూ పారాలి. సిటీ నడిబొడ్డున ఉన్న కల్లు కాంపౌండ్‌కి, అంటే పెద్ద కల్లు దుకాణానికి, ఆ చెట్లు ఎక్కడివి, అక్కడి నుంచి పులిసిపోకముందే సరుకు ఎలా వస్తోంది, వానాకాలంలో కూడా అమ్మకం ఎందుకు తగ్గట్లేదు? జవాబు అందరికీ తెలిసిందే. కొంచెం కల్లు, మిగతాది నీళ్లు, తీపికి శాకరిన్. ఇలా పలచబడ్డ దానిలో మత్తు ఉండదు కాబట్టి మత్తు బయటి నుంచి తెచ్చి కలపాలి. అదే మందు కల్లు.

క్లోరల్ హైడ్రేట్ నుంచి అల్ప్రాజోలం దాకా

కలిపే మందు కాలంతో మారింది. ముందు క్లోరల్ హైడ్రేట్ ఉండేది, పేపర్లలో సీహెచ్ అని రాసేవాళ్లు. 19వ శతాబ్దం నుంచీ డాక్టర్లు నిద్రకి వాడిన పాత మందు. తర్వాత డైజోఫాం అని జనం పిలిచే డయాజెపాం వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా పట్టుబడేది అల్ప్రాజోలం, అంటే ఆందోళన, పానిక్ ఉన్నవాళ్లకి సైకియాట్రిస్టులు పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము మాత్రలుగా రాసే మందు.

ఎందుకిలా మారిందో బరువు చూస్తే అర్థమవుతుంది. మనిషిని నిద్రపుచ్చడానికి క్లోరల్ హైడ్రేట్ అర గ్రాము నుంచి గ్రాము దాకా కావాలి. డయాజెపాం అయితే పది మిల్లీగ్రాములు చాలు. దాదాపు అంత ప్రభావం అల్ప్రాజోలంలో అర మిల్లీగ్రాముకే వస్తుంది. లక్ష మోతాదులు కావాలంటే మొదటిది యాభై కిలోల పైమాటే, రెండోది ఒక కిలో, మూడోది కేవలం యాభై గ్రాములు, చొక్కా జేబులో పట్టేస్తుంది. దొంగ సరుకు మోసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? పైగా హైదరాబాద్ చుట్టూ మందుల కంపెనీలు, మూతపడ్డ కెమికల్ యూనిట్లు, ఆ పని తెలిసిన మనుషులు బోలెడు. 2025 సెప్టెంబరులో బోయిన్‌పల్లిలో ఒక ప్రైవేటు స్కూలు భవనంలోనే అల్ప్రాజోలం తయారీ పట్టుబడింది. ఒకవైపు పిల్లల క్లాసులు, ఇంకోవైపు రియాక్టర్లు. ఆ సరుకు కల్లు దుకాణాలకే వెళ్తోందని పోలీసులు చెప్పారు.

ఇంకో సంగతి, దీన్ని జనం అంతగా పట్టించుకోరు. అల్ప్రాజోలం నీళ్లలో సరిగ్గా కరగదు. మందుల కంపెనీలో ఒక్కో మాత్రలో సరిగ్గా అంతే మందు ఉండేలా చూడటానికి మెషీన్లు, పరీక్షలు ఉంటాయి. కల్లు పీపాలో అవేం ఉండవు, చేతికొచ్చినంత పొడి వేసి తిప్పుతారు. దాంతో పైన ముంచిన సీసాలో ఎంతుందో, అడుగున మిగిలిన సీసాలో ఎంతుందో కలిపినవాడికి కూడా తెలీదు. నిన్న రెండు సీసాలు తాగి నడిచి ఇంటికెళ్లిన మనిషి ఇవాళ అదే రెండు సీసాలకి రోడ్డు పక్కన పడిపోవడం వెనక తరచుగా ఉండేది ఇదే.

మెదడులో జరిగేది

మన మెదడులో కణాలు ఒకదాన్నొకటి ఉత్తేజపరచడానికి గ్లుటమేట్ అనే రసాయనం, శాంతింపజేయడానికి గాబా అనే రసాయనం వాడతాయి. బండికి యాక్సిలరేటర్, బ్రేకు లాంటివి అనుకోండి. అల్ప్రాజోలం, డయాజెపాం లాంటివన్నీ బెంజోడయాజెపైన్లు అనే ఒకే కుటుంబం. ఇవి గాబా పనిచేసే చోటే అతుక్కుని బ్రేకు బలాన్ని పెంచుతాయి. టెన్షన్ తగ్గుతుంది, ఒళ్లు వదులవుతుంది, నిద్ర వస్తుంది. ఆల్కహాల్ కూడా చాలావరకు అదే బ్రేకు మీద పనిచేస్తుంది. అందుకే రెండూ కలిస్తే ప్రమాదం ఒకటికి ఒకటి కూడినట్టు ఉండదు, శ్వాస నడిపే కేంద్రం కూడా మందగించి నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు. విడిగా ఎక్కువ మాత్రలు మింగినవాళ్లు చాలావరకు బతికి బయటపడతారు, వాటితోపాటు మద్యం కూడా ఉంటే లెక్క మారిపోతుంది. మందు కల్లులో ఆ రెండూ ఒకే సీసాలో ఉంటాయి.

రోజూ ఇలా బ్రేకు నొక్కుతూ ఉంటే మెదడు ఊరుకోదు. గాబాకి స్పందించడం తగ్గించుకుంటుంది, గ్లుటమేట్ వైపు ఉత్తేజాన్ని పెంచుకుంటుంది. కొన్ని వారాల్లో మెదడు పూర్తిగా ఆ మందు ఉంటుందన్న లెక్కతోనే నడవడం మొదలుపెడుతుంది. అప్పటికి పాత మోతాదు సరిపోదు, రెండు సీసాలు మూడవుతాయి. దీన్ని టాలరెన్స్ అంటారు. ఈ స్థితిలో ఒక్కసారిగా మందు ఆగిపోతే బ్రేకు లేదు, యాక్సిలరేటర్ మాత్రం అలాగే నొక్కి ఉంది.

ఫిట్స్ వచ్చేది అక్కడే.

ఆధారపడటం, వ్యసనం ఒకటి కాదు

ఈ రెంటినీ కలిపేయడం వల్ల చాలా గొడవలు వస్తాయి. ఒంటికి మందు అలవాటై, ఆగితే లక్షణాలు వచ్చే స్థితిని శారీరకంగా ఆధారపడటం అంటారు. ఇది ఎవరికైనా రావచ్చు. డాక్టరు రాసిన అల్ప్రాజోలం నెలల తరబడి రోజూ వేసుకున్న ఇల్లాలికి కూడా వస్తుంది. ఆమెలో ఏ దురలవాటూ లేదు, మాత్ర కోసం తపన లేదు, కానీ ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు.

వ్యసనం అంటే దానికి మించింది. వద్దనుకున్నా ఆపలేకపోవడం, దాని కోసం మనసు కొట్టుకోవడం, కూలి డబ్బులు దానికే పోవడం, ఇంట్లో గొడవలు, ఆరోగ్యం పాడవుతోందని తెలిసీ కొనసాగించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-10 ప్రకారం ఆరు లక్షణాల్లో మూడైనా ఏడాదిలో కనిపిస్తే డిపెండెన్స్ అంటారు. అమెరికా సైకియాట్రిస్టులు వాడే డీఎస్ఎం-5లో పదకొండు ప్రమాణాలున్నాయి. రెండు మూడు ఉంటే స్వల్పం, నాలుగైదు ఉంటే మధ్యస్థం, ఆరూ ఆపైన తీవ్రం. అంటే వైద్యుల లెక్కలో వ్యసనం ఉందా లేదా అన్న ఒక్క గీత లేదు, మెట్లున్నాయి. మన ఇళ్లలో మాత్రం తాగుబోతు, తాగనివాడు అని రెండే డబ్బాలు.

కల్లు తాగేవాళ్లలో రెండు రకాలూ కలిసి ఉంటారు. నిజంగా వ్యసనంలో ఉన్నవాళ్లు ఒకవైపు. ఇంకోవైపు, ఒళ్లు నొప్పులకి సాయంత్రం సీసా అలవాటైన ముసలావిడ, తెలంగాణలో ఆడవాళ్లు కల్లు తాగడం వింతేమీ కాదు కదా. ఆమెకి మానాలని అనిపిస్తే మానగలనన్న నమ్మకం ఉంటుంది. మానిన రెండో రోజు రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నట్టు కనిపిస్తే ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుంటారు, మళ్లీ ఒక సీసా తెచ్చి పోస్తే అరగంటలో సర్దుకుంటుంది. దాంతో కల్లే మందు అన్న నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. ఎంత గట్టి ఉచ్చో చూడండి.

ఒక తాపీ మేస్త్రీ రెండు రోజులు

ఊహించిన ఉదాహరణే, అంకెలు కూడా అర్థం కావడానికి వేసుకున్నవే. ఒక మేస్త్రీ రోజూ సాయంత్రం ఏడింటికి రెండు సీసాలు తాగుతాడు. సీసాకి ఒక మిల్లీగ్రాము అల్ప్రాజోలం ఉందనుకుందాం, మొత్తం రెండు. అంటే అర మిల్లీగ్రాము మాత్రలు నాలుగు ఒకేసారి మింగినట్టు. అల్ప్రాజోలం రక్తంలో సగానికి తగ్గడానికి సగటున 11 గంటలు పడుతుంది. కాబట్టి మర్నాడు పొద్దున ఆరింటికి ఒక మిల్లీగ్రాము, సాయంత్రం ఐదింటికి అర. ఆ సమయానికి ఒంట్లో చిరాకు మొదలవుతుంది, చేతులు సన్నగా వణుకుతాయి, పనిలో సుత్తి సరిగ్గా పడదు. ఏడింటికి మళ్లీ సీసా, అంతా ప్రశాంతం. రాత్రి తాగింది పగటికి చాలక కొంతమంది పొద్దున్నే దుకాణానికి వెళ్లేది ఇందుకే.

ఇప్పుడు ఆ సాయంత్రం దుకాణానికి తాళం వేసి ఉందనుకోండి. అర్ధరాత్రి దాటాక, నాలుగింటికి పావు మిల్లీగ్రాము, మధ్యాహ్నం మూడింటికి అందులోనూ సగం. చెమటలు, గుండెదడ, నిద్ర లేకపోవడం, వాంతి వచ్చినట్టు ఉండటం. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఫిట్స్ వచ్చే అవకాశం ఎక్కువ. కొందరిలో తాను ఎక్కడున్నాడో తెలియనితనం, లేనివి కనిపించడం, కోపం, పరుగెత్తడం. ఆల్కహాల్ కూడా అదే సమయంలో ఆగింది కాబట్టి రెండు విత్‌డ్రాయల్స్, అంటే మందు ఆగినందుకు వచ్చే బాధలు, ఒకదాని మీద ఒకటి పడతాయి. గంజాయి మానితే చిరాకు, నిద్రలేమి ఉంటాయి, హెరాయిన్ మానితే నరకంలా ఉంటుంది గానీ మామూలు ఆరోగ్యవంతుడికి ప్రాణాపాయం అరుదు. ఆల్కహాల్, బెంజోడయాజెపైన్లు మాత్రం మానడమే ప్రాణం మీదకి తెచ్చే మందులు.

ఇదంతా పుస్తకంలో ఉన్న సిద్ధాంతమేమీ కాదు, మన దగ్గరే పెద్ద ఎత్తున జరిగింది. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద ప్రభుత్వం గట్టిగా దాడులు చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆస్పత్రులు ఇలాంటివాళ్లతో నిండిపోయాయి. మంచాలకి కట్టేయాల్సి వచ్చినవాళ్లు, మెడ వంకర తిరిగినవాళ్లు, మూర్ఛలతో వచ్చినవాళ్లు, చనిపోయినవాళ్లు. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్‌తో వైన్ షాపులు, కల్లు దుకాణాలు ఒకేసారి మూతపడగానే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు అదే దృశ్యం. ఆ రెండుసార్లూ మూయడం వెనక ఉద్దేశం మంచిదే, అయినా ఒంట్లోని లెక్క మారదు.

కూకట్‌పల్లిలో ఇంకో చిక్కు

2025 నాటి ఘటనలో బాధితులకి వాంతులు, విరేచనాలు, బీపీ పడిపోవడం, కిడ్నీలు దెబ్బతినడం కనిపించాయి. కల్లు నమూనాల్లో అల్ప్రాజోలం ఉందని తేలింది. వెంటనే అల్ప్రాజోలమే చంపేసిందని అందరూ అనేశారు. కానీ అల్ప్రాజోలం ఎక్కువైతే మామూలుగా కనిపించేది మత్తు, తూలడం, మాట ముద్దగా రావడం, శ్వాస మందగించడం. విరేచనాలు, కిడ్నీ దెబ్బ దాని ముద్ర కాదు. అలాంటి లక్షణాలకి కలుషిత నీళ్లు, సూక్ష్మజీవులు, పీపాలో పడ్డ వేరే రసాయనం, ఏదైనా కారణం కావచ్చు. విపరీతమైన వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు ఇంకిపోయి బీపీ పడిపోతే, ఆ ఒక్క కారణంతోనే కిడ్నీలు ఆగిపోగలవు. దీనివల్ల అల్ప్రాజోలం నిర్దోషి అయిపోదు. సీసాలో ఒక అక్రమ పదార్థం దొరికిందంటే మిగతావి ఏమున్నాయో వెతకడం ఆపేయకూడదని మాత్రం నాకనిపిస్తుంది, మన వార్తల్లో అది చాలా తొందరగా ఆగిపోయింది.

ఒక్క రోజులో జరిగే ఇలాంటి విషప్రయోగం వార్త అవుతుంది. ఏళ్ల తరబడి నెమ్మదిగా జరిగేది కాదు. జ్ఞాపకశక్తి మందగించడం, వయసు మళ్లినవాళ్లు తూలిపడి తుంటి ఎముక విరగడం, పరంజా మీద పనిచేసేవాడు జారిపోవడం, తాగి బైక్ నడపడం, దిగులు ముదరడం. గర్భిణి తాగితే మందు మాయను దాటి బిడ్డకి చేరుతుంది, పుట్టాక ఆ పసిగుడ్డుకి కూడా విత్‌డ్రాయల్ రావచ్చు. ఇవేవీ కల్తీ కల్లు ఖాతాలో రాయరు.

చట్టం ఏమంటోంది, ఎక్కడ మెలిక పడుతోంది

అల్ప్రాజోలం 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల చట్టం కింద సైకోట్రోపిక్ (మనసు మీద పనిచేసే) పదార్థం. ఐదు గ్రాముల వరకు చిన్న పరిమాణం, వంద గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. రెండోదానికి శిక్ష పది నుంచి ఇరవై ఏళ్లు, కనీసం లక్ష జరిమానా, బెయిలు చాలా కష్టం. వంద గ్రాములంటే అర మిల్లీగ్రాము మాత్రలు రెండు లక్షలు. అదే అల్ప్రాజోలం మందుల షాపులో షెడ్యూల్ హెచ్‌1 కింద ఉంటుంది, చీటీ లేకుండా అమ్మకూడదు, ఎవరికి అమ్మారో వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి.

మెలిక ఏంటంటే, కల్లులో కలిపేశాక బరువు ఎలా లెక్కించాలి? 2020 ఏప్రిల్‌లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు, డ్రగ్‌ని వేరే పదార్థంలో కలిపినప్పుడు ఆ మొత్తం మిశ్రమం బరువే చూడాలని చెప్పింది, స్వచ్ఛమైన డ్రగ్ ఎంతుందన్నది కాదు. దాన్ని అక్షరాలా పట్టుకుంటే, ఒక మిల్లీగ్రాము అల్ప్రాజోలం కలిసిన ఒక్క సీసా కల్లు దాదాపు 650 గ్రాములు, అంటే వాణిజ్య పరిమాణం దాటేసినట్టే! అమ్మేవాడి విషయంలో ఇది గట్టి ఆయుధమే. కానీ చేతిలో సీసాతో ఇంటికెళ్తున్న కూలీ సంగతేంటి? లోపల ఏముందో తెలియని మనిషిని, కిలో పౌడర్ మోసేవాణ్ని ఒకే గాటన కట్టడం ఎవరికీ న్యాయంగా తోచదు. కింద అమ్మేవాణ్ని పట్టుకోవడం తేలిక, తయారుచేసినవాణ్ని పట్టుకోవడం కష్టం అన్నది ఈ చట్టంలో ఎప్పుడూ ఉన్న గొడవే. ఈ మధ్య తెలంగాణ పోలీసుల డ్రగ్స్ నిరోధక విభాగం ఈగల్ తయారీ యూనిట్ల వెంట పడటం ఆ లెక్కన సరైన దిశే అనిపిస్తుంది.

ఇదే చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. వాడినందుకో చిన్న పరిమాణం దొరికినందుకో కేసున్న బానిస, ప్రభుత్వం గుర్తించిన చోట స్వచ్ఛందంగా చికిత్సకి సిద్ధపడితే విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. బాధితుల్లో ఎంతమందికి ఇది తెలుసు?

మూసేయాలా, ఉంచాలా

మూసేయాలనే వాళ్ల వాదన సూటిగా ఉంటుంది. చెట్లు లేని చోట కల్లు ఉండదు, ఉన్నదంతా మందే, కాబట్టి సిటీలో కాంపౌండ్లకి అర్థమే లేదు. 2004లో హైదరాబాద్‌లో మూయించినప్పుడు చెప్పిందీ ఇంచుమించు ఇదే. 2014లో తెలంగాణ వచ్చాక అవి మళ్లీ తెరుచుకున్నాయి, ఆ పదేళ్లలో నగరంలో కొత్తగా ఈత వనాలేమీ మొలవలేదు.

గీత కార్మికుల వైపు నుంచి చూస్తే కథ వేరు. మోకు, ముస్తాదు వేసుకుని పొద్దున్నే చెట్టెక్కేవాడు మందు కలపడు, కలపాల్సిన అవసరమూ లేదు, వాడి కల్లు ఊళ్లోనే అయిపోతుంది. చెట్టు మీంచి పడి నడుము విరిగేది వాడికి, కల్తీ చెడ్డపేరు వాడి కులానికి, లాభం మాత్రం గీత కార్మికుల సొసైటీ లైసెన్సు అడ్డం పెట్టుకుని దుకాణం నడిపే కాంట్రాక్టరుకి. దుకాణాలు గంపగుత్తగా మూసేస్తే ముందు దెబ్బ తినేది చెట్టెక్కేవాడే, తాగేవాళ్లు గుడుంబాకో చీప్ లిక్కర్‌కో మారతారని వాళ్లంటారు. ఈ మాటలో నిజం ఉంది. అయితే కాంపౌండ్ వ్యాపారులు ప్రతిసారీ గీత కార్మికుణ్ని ముందు నిలబెట్టి వెనక దాక్కుంటారన్నదీ అంతే నిజం.

డాక్టర్ల మాట ఈ రెండు వర్గాలకీ నచ్చదు. మూయండి, మూయకపోండి, ఏం చేసినా ఒక్క రాత్రిలో చేయకండి అంటారు వాళ్లు. పల్లె పల్లెకీ తాళాలు వేసే ముందు ఆ జిల్లా ఆస్పత్రిలో మంచాలు, మందులు, నర్సులు ఉన్నాయో లేదో చూసుకోవాలి. దీనికీ ఎదురు ప్రశ్న ఉంది, అదీ తీసిపారేయదగ్గది కాదు: విషం అమ్ముతున్నారని తెలిసీ ఎక్సైజ్ వాళ్లు ఇంకో నెల రోజులు అమ్మనివ్వాలా? నమూనా తీసి ల్యాబ్‌కి పంపి రిపోర్టు వచ్చే లోపు ఎంతమంది తాగుతారు? నా వరకు నాకు, దాడి చేసే రోజే వైద్యశాఖకి ముందస్తు కబురు ఉండటం ఈ రెంటికీ మధ్య దారిలా కనిపిస్తుంది, 2015 అనుభవం తర్వాత కూడా అది పద్ధతిగా మారకపోవడమే ఆశ్చర్యం.

చికిత్స అంటే ఏం చేస్తారు

విచిత్రంగా అనిపించొచ్చు గానీ, ఈ వ్యసనానికి వైద్యం అదే కుటుంబానికి చెందిన ఇంకో మందుతో మొదలవుతుంది. అల్ప్రాజోలం ఒంట్లోంచి తొందరగా పోతుంది, అందుకే దాని బదులు నెమ్మదిగా తగ్గే డయాజెపాం లాంటిది తగిన మోతాదులో ఇచ్చి, దాన్ని వారాల తరబడి, కొందరిలో నెలల తరబడి మెల్లగా తగ్గించుకుంటూ వస్తారు. మెదడు తన పాత సమతూకానికి రావడానికి ఆ సమయం కావాలి. ఆల్కహాల్ కూడా ఉంది కాబట్టి థయమిన్ అనే బీ1 విటమిన్ ఇస్తారు, అది లేకపోతే మెదడుకి శాశ్వత నష్టం జరగొచ్చు. బెంజోడయాజెపైన్లకి ఫ్లూమజెనిల్ అనే విరుగుడు ఉన్నా, అలవాటు పడ్డ మనిషికి దాన్నిస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, అందుకే కల్లు తాగి మత్తులో వచ్చినవాడికి డాక్టర్లు దాన్ని ఆచితూచి వాడతారు.

కల్లు విషయంలో వైద్యుడికి ఉండే అసలు కష్టం వేరే. మాత్రలు వాడినవాడు రోజుకి ఇన్ని వేసుకున్నానని చెప్తాడు, దాన్నిబట్టి మొదలుపెట్టొచ్చు. కల్లు తాగినవాడు సీసాల లెక్క చెప్తాడు, సీసాలో ఎంతుందో దేవుడికే తెలియాలి. కాబట్టి లక్షణాలు చూస్తూ మోతాదు పెంచుతూ తగ్గిస్తూ పోవాలి, అంటే కనీసం మొదటి కొన్ని రోజులు మనిషి కళ్ల ముందుండాలి. రోజు కూలీకి ఆ రోజుల కూలి పోతుంది. పైగా ఇంటికి తిరిగెళ్లే దారిలోనే దుకాణం ఉంటుంది. చికిత్స చేయించుకుని మళ్లీ మొదలుపెట్టినవాణ్ని చూసి బుద్ధి లేదు అనడం మనకి అలవాటు, బీపీ మందు మానేసి మళ్లీ ఆస్పత్రికొచ్చినవాణ్ని మాత్రం అలా అనం. వ్యసనం జబ్బా, మనిషి ఎంపికా అన్న వాదన ఎప్పటికీ తెగదు. మొదటి సీసా ఎంపికే అని ఒప్పుకున్నా, లోపల అల్ప్రాజోలం ఉందని చెప్పకుండా అమ్మినప్పుడు ఆ ఎంపికకి ఎంత విలువ ఉంటుందో ఆలోచించాలి.

ఎయిమ్స్ నిపుణులు కేంద్రం కోసం చేసి 2019లో బయటపెట్టిన సర్వే ప్రకారం దేశంలో వైద్యం కోసం కాకుండా మత్తు మాత్రలు వాడేవాళ్లు 1.18 కోట్ల మంది, పది నుంచి డెబ్బై ఐదేళ్ల వయసు జనాభాలో ఒక శాతం కాస్త పైన. అది మనుషుల్ని అడిగి రాసుకున్న లెక్క. కల్లు సీసాలోంచి అల్ప్రాజోలం తాగుతున్నవాణ్ని నిద్రమాత్రలు వాడతావా అని అడిగితే లేదనే చెప్తాడు, నిజాయితీగానే చెప్తాడు. కల్లు దుకాణాల నమూనాల్లో అల్ప్రాజోలం దొరికిందా లేదా అన్నదానితో ఆగకుండా ఎంత మోతాదు దొరికిందో కూడా కొలిచి, ఏ మండలంలో ఎంత ఉందో జిల్లా ఆస్పత్రులకి పంపితే డాక్టర్లకి మొదటి రోజు ఊహించాల్సిన పని కొంతైనా తగ్గుతుంది.